ఉన్న గంట పోయిన కేసు

రాజమౌళి ఆ మెట్లు ఎక్కి వచ్చేసరికి పొద్దున పదకొండు కావస్తోంది. జగిత్యాలలో గడియారం టవర్‌కు కూతవేటు దూరంలో, జిరాక్స్ షాపు మీద ఉన్న ఒంటి గది అది. తలుపు మీద 'గిరిజ, ప్రైవేటు డిటెక్టివ్' అని బోర్డు. డెబ్బై తొమ్మిదేళ్ల మనిషి తలుపు పట్టుకుని నిలబడి, ఎవరైనా వెంట వచ్చారేమోనని ఒకసారి వెనక్కి తిరిగి చూసుకున్నాడు.

గిరిజకు యాభై రెండేళ్లు. దొరల ఇంట్లో పుట్టింది కానీ ఆ దర్పం కళ్లజోడు తాడు వరకే మిగిలింది. పదేళ్లుగా ఆమె పట్టుకున్నవాళ్లలో సగం మంది వీసాల పేరు చెప్పి మాయమైన ఏజెంట్లు, మిగతా సగం మొదటి పెళ్లి సంగతి మరిచిపోయిన పెళ్లికొడుకులు. ఆమె సహాయకుడు హన్మంతుది బీర్పూర్. దుబాయిలో తొమ్మిదేళ్లు వాచ్‌మన్‌గా చేసి వచ్చాడు. అక్కడ ఒంటిచేత్తో పదకొండు మంది దొంగల్ని పట్టుకున్నానని చెబుతాడు. పోయిన ఏడాది చెప్పినప్పుడు ఏడుగురే. గిరిజ మేడం తరువాత ఈ లోకంలో తెలివైనవాళ్లు లేరని అతని నమ్మకం. తన స్థానం గురించి మాత్రం మర్యాద కోసం మాట్లాడడు.

"కూసో పెద్దమనిషీ. ఏం పోయింది?" అంది గిరిజ.

"గంట పోయింది బిడ్డా. మా ఊరి బడిగంట."

"ఎప్పుడు?"

"పోయిన ఐతారం గావచ్చు. సోమవారం పొద్దుగాల గంట కొట్టంగనె నాకు ఎరుకైంది."

హన్మంతు నోట్‌బుక్‌లో రాస్తున్నవాడల్లా పెన్ను ఎత్తాడు. "తాతా, పోయిన గంటను సోమవారం ఎట్ల కొట్టిండ్రు?"

"ఉన్నది గదా. గందుకే కొట్టిండ్రు."

"ఉన్నదా?"

"ఉన్నది. కని పోయింది."

హన్మంతు ఒక గీత గీసి, 'గంట పోయింది' అని రాసి, దాని కింద 'గంట ఉంది' అని రాసి, రెంటినీ చూసుకుని పెన్ను మూసేశాడు.

"మార్చిండ్రు," అన్నాడు రాజమౌళి గొంతు తగ్గించి. "మా గంటను తీసుకపోయి గసొంటిదే ఇంకోటి ఏలాడదీసిండ్రు. ఎవ్వలు నమ్ముతలేరు. ముసలోనికి మతి పోయిందంటుండ్రు. ఎల్లుండి బడి పండుగ. గా లోపల దొరకకుంటె మా నాయిన పేరు పోతది బిడ్డా."

గిరిజ ఫ్లాస్కులోంచి టీ పోసి ఆయన ముందు పెట్టింది. "మొదటి నుంచి చెప్పు."

రాజమౌళి రైల్వేలో ముప్పై ఎనిమిదేళ్లు చేసి పట్టాలు బాగుచేసే గ్యాంగుకు మేటుగా రిటైరయ్యాడు. ఆయన తండ్రి లింగయ్య కూడా పెద్దపల్లి దగ్గర పట్టాల మీద పనిచేసిన గ్యాంగుమనిషే, అదీ నిజాం రైలు కాలంలో. ఊరు గంభీరావుపేట అవతల ఉంటుంది. పేరు బయట పెట్టవద్దని ఊరివాళ్లు ఒట్టు వేయించుకున్నారు కాబట్టి ఊరు అనుకుంటే చాలు. పందొమ్మిది వందల యాభైలో నిజాం రైలు ఢిల్లీ సర్కారు చేతికి వెళ్లింది. రైళ్లు అవే, పట్టాలు అవే, టోపీల మీది బిళ్లలు మాత్రం మారాయి. ఆ ఏడే ఊళ్లో బడి పెట్టారు. కొలువు వదిలి వెళ్లిపోతున్న ఇన్‌స్పెక్టరు దొర గ్యాంగువాళ్లను వరసగా నిలబెట్టి తలా ఒక కోరిక కోరుకోమన్నాడట. ఒకడు కంబళి అడిగాడు, ఒకడు లాంతరు అడిగాడు. లింగయ్య మూరెడు పట్టా ముక్క అడిగాడు, బడికి గంట కావాలని.

"పెద్దపల్లి నుంచి మూడు దినాలు నెత్తి మీద మోసుకొచ్చిండు. మానేరుల నీళ్లు ఛాతి దాక ఉండె. నడుమ చిరుతపులి ఎదురైతే ముక్కను రాయితోని ఒక్కటి కొట్టిండట. రైలొచ్చిందనుకొని పులి పట్టాల పక్కకు జరుగుదామని చూసిందట. పట్టాలు ఎక్కడున్నయో దొరకక ఉరికిపోయిందట."

"పులిని ఇడిచిపెడుదాం," అంది గిరిజ.

"ఇడిచిపెట్టు. కని మూడు రాత్రులు మూడు ఊళ్లల్ల ఆగిండు. ఆగినకాడల్ల ఉలితోని ముక్క అడుగున ఒక్కొక్క చుక్క కొట్టిండు. మూడు చుక్కలు. గది నిజం."

అసలు చిక్కు నెల కింద మొదలయింది. బడికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయని కమిటీ వేశారు. గంటను రాతి దిమ్మె మీద నిలబెట్టి, తెచ్చినవాడి పేరు చెక్కించాలన్నారు. కమిటీ పెద్ద శ్రీనివాస్ రావు ఊరి పాత దొర కొడుకు. బడికి స్థలమిచ్చింది తమ దొరల గడి కనుక గంట కూడా తమవాళ్లే ఇచ్చి ఉంటారన్నాడు. రాజమౌళి అందరి ముందు లేచి పందెం వేశాడు. పండుగ నాడు రంగు గీకి చూడండి, నిజాం రైలు అక్షరాలుంటే మా నాయన పేరు చెక్కండి, లేకుంటే గడి పేరే చెక్కండి అన్నాడు. అక్షరాలను మైకులో చదవాలని కూడా తనే పట్టుబట్టాడు.

"గీ గంట మీద అక్షరాలున్నయా?" అంది గిరిజ.

"నిన్న కొసకు గీకి చూసిన. ఒక్కటి లేదు." రాజమౌళి టీ గ్లాసు ఎత్తబోయి, తొణికితే మళ్లీ కింద పెట్టాడు. "ఇంకొకటి గూడ చెప్పాలె. చెప్తె నవ్వుతరు. నా చిన్నప్పుడు గా గంట ఇంకా లోతుగ మోగేది. బడి ఇడిచిపెట్టి పనికి పోయి, పెద్దగయి వచ్చినంక ఇంటే జర సన్నగ అనిపించేది. చిన్నప్పటివన్ని పెద్దగనే కొడ్తయని ఊకున్న. కని గీ సోమవారం మోగింది సన్నగ గూడ గాదు. రేకు డబ్బ లెక్క మోగింది."

గిరిజ నవ్వలేదు. కారు తాళం హన్మంతుకు విసిరింది.

బడి వరండాలో, పైకప్పు ఇనుప దూలానికి గంట వేలాడుతోంది. మూరెడు రైలు ముక్క, ఎర్ర రంగు తళతళలాడుతోంది. హెడ్‌మాస్టరు సృజన కుర్చీలు వేయించింది. ఆమెకు చుట్టూ పండుగ పనులు, మధ్యలో ఈ డిటెక్టివులు.

"మేడం, గంట ఇక్కడనే ఉన్నది. మీరే చూస్తున్నరు," అంది సృజన. "పోయిందని కేసు ఎట్ల పెడ్తరు?"

"చూద్దాం. రంగు ఎవరేసిండ్రు?"

"శ్రీనివాస్ రావు గారు ఏపిచ్చిండ్రు. సోమవారం వచ్చెవరకే ఉండె."

ముప్పై ఏళ్లుగా గంట కొడుతున్న రాజవ్వ ఇనుప చువ్వ పట్టుకుని వచ్చింది. ఎడమ చేత్తో ఎత్తి ఒక్కటి వేసింది. గంట 'టక్' మంది, కాస్త ఆలోచించి 'ణ' అంది.

"అవ్వా, ఎప్పుడు గా చెయ్యితోనే కొడ్తవా?"

"నాది పుర్రచెయ్యి గదమ్మా. బువ్వ తప్ప అన్ని గీ చెయ్యే."

గిరిజ బొటనవేలితో గంట ఎడమ పక్క నెమ్మదిగా తడిమింది. రంగు కింద ఇనుము సాపుగా ఉంది. ముప్పై ఏళ్లు ఒకే చేయి, ఒకే చోట కొట్టిన దెబ్బలకు గుంత పడాలి. ఇక్కడ గోరు దిగేంత కూడా లేదు.

"రాజమౌళి మతి మంచిగనే ఉన్నది. గంట మారింది," అంది గిరిజ.

సృజన కుర్చీలో కూలబడింది. రాజమౌళి భుజం మీది తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. హన్మంతు గంటను రెండు చేతులా కౌగిలించుకుని పరీక్ష మొదలుపెట్టాడు. "మేడం, కొసలు చూడుండ్రి. మైనం కారి గడ్డకట్టినట్టున్నయి. గ్యాస్ కట్టర్‌తోని కోసిండ్రు. పాత సామాన్ల దుకాణం సరుకు." ఇంత తెలివిగా చెప్పి వెనక్కి జరిగేసరికి అతని తెల్ల చొక్కా మీద అరచేయంత నల్ల మరక పడింది. గంటను పట్టిన బోల్టుకు చిక్కగా గ్రీజు పూసి ఉంది.

"బడిగంట బోల్టుకు గ్రీజు ఎవడు పూస్తడు?" అని హన్మంతు విసుక్కున్నాడు.

"మంచి ప్రశ్న. రాసుకో," అంది గిరిజ.

రాజవ్వ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గరికి వచ్చింది. "అమ్మా, గిది మనుషుల పని గాదు. గీ గంటకు మొదటి నుంచి దయ్యం పట్టి ఉన్నది. మా అత్త రాములవ్వ చెప్పేది. ఎనుకట ఒక్కనాడు పొద్దుగాల చూస్తె గంట లేదట. తెల్లారి చూస్తె మళ్ల ఏలాడుతుందట. దయ్యమే కొంటపోయి దయ్యమే తెచ్చిందట."

"ఎన్నేండ్లయితది?"

"మా ఇంటాయన పుట్టిన ఏడు. గా దయ్యం గాలికే గాయన గట్ల తయారైండు," అంది రాజవ్వ. వరండాలో అందరూ నవ్వారు. గిరిజ మాత్రం రాజవ్వ మొహం వైపే కాసేపు చూసింది.

శ్రీనివాస్ రావు ఇల్లు ఊరి చివర. పాత గడిలో సగం కూలింది, మిగతా సగానికి సున్నం వేసి ఉంటున్నారు. గేటు లోపలికి తోస్తే తెరుచుకుంటుంది, వదిలేస్తే దానంతట అదే మూసుకుంటుంది. ఆ సంగతి తెలియక హన్మంతు చెయ్యి వదిలాడు. గేటు వెనక గొలుసుకు కట్టిన బరువు వచ్చి మోకాలికి తగిలింది. తారు పూతలు మందంగా పట్టిన ఇనుప దిమ్మె అది. 'ఖంగ్‌ఁ' మని మోగింది. హన్మంతు ఒంటికాలి మీద రెండు చుట్లు తిరిగేదాకా ఆ మోత గోడల్లో వినిపిస్తూనే ఉంది.

"చూసి రావాలె తమ్మీ," అన్నాడు శ్రీనివాస్ రావు అరుగు మీది నుంచి. "మా నాయిన కాలపు గేటు. ఎందర్నో కొట్టింది."

టీ వచ్చింది. గంట మారిందని చెబితే శ్రీనివాస్ రావు కోపంతో లేచాడు. "నన్ను అనుమానిస్తుండ్రా గిరిజమ్మా? మన మన ఇండ్లల్ల గిదేం మాట! నాకు గా గంట ఎందుకు? రాయి మీద పేరు ఎట్ల చేసినా మాదే ఉంటుండె."

"రంగు మీరేపిచ్చిండ్రట గదా?"

"నేనా? హెడ్‌మాస్టర్ ఏపిచ్చిందనుకున్న."

హన్మంతు నోట్‌బుక్ తెరిచి, 'రంగు ఇద్దరూ వేశారు' అని రాసి, ఆలోచించి, 'ఇద్దరూ వేయలేదు' అని దిద్దాడు. తల గోక్కున్నాడు.

"అన్నా, గడి రోజులు ఎట్లుండె?" అంది గిరిజ, కేసు వదిలేసినట్టు వెనక్కి వాలి.

ఆ ప్రశ్నకు శ్రీనివాస్ రావు కోపం చల్లబడింది. "మా నాయిన పగలు బువ్వ తిని పండుకున్నడంటే ఊరంత పిట్ట కూయకుండె. రెండు నుంచి నాలుగు దాక రోలు దంచొద్దు, బండి తోలొద్దు. కోడి కూస్తే కోడిగల్లోని మీద జుర్మానా. గసొంటి కాలం."

"మరి రెండింటికి బడిగంట కొడ్తరు గదా?"

"గది నాకెరుక లేదు," అన్నాడు ఆయన. నిజంగానే ఎరుక లేనట్టు కనిపించాడు.

ఆ సాయంత్రం సిరిసిల్లలో పాత ఇనుము దుకాణాలు తిరిగారు. నాలుగో దుకాణం మరమగ్గాల షెడ్డుకు ఆనుకుని ఉంది. పక్కన ఇరవై మగ్గాలు ఒకేసారి దడదడలాడుతుంటే యజమాని సంజీవ్ చెవి దగ్గరికి వచ్చి అరిచాడు.

"రైలు ముక్కనా? అమ్మిన! పది దినాలాయె!"

"ఎవరికి?"

"హెల్మెట్ పెట్టుకొని ఉండె! మగనో ఆడో తెల్వలే! గీ చప్పుడుల నా మాటే నాకు ఇనబడదు! సైగ చేసిండ్రు, నేను సైగ చేసిన!"

"ఏమన్న యాదికున్నదా?"

సంజీవ్ గోడకు చేరవేసిన తుక్కు చూపించాడు. "ఆరు ముక్కలుండె! ఇనుప టేపుతోని కొలిచి, ఒక్కొక్కదాన్ని గీకి చూసి, అక్షరాలున్నయన్ని పక్కకు పెట్టి, అక్షరాలు లేనిది ఏరుకున్నరు! గసొంటి గిరాకి నేను చూడలే!"

కారులో హన్మంతు సిరిసిల్ల దాటేదాకా ఆలోచించాడు. అది అతనికి అలవాటు లేని పని. చివరికి బయటపడ్డాడు. "మేడం, దుబాయిల నేను పదమూడు మందిని పట్టిన. ఒక్కడు గూడ తీసిన జాగల ఇంకోటి పెట్టలే. దొంగ అన్నంక తీసుకపోవాలె. గీడు కొనుక్కొచ్చి, మోసుకొచ్చి, రంగేసి, గ్రీజు పూసి పోయిండు. గీడు దొంగనా, మెకానికా?"

"గదే అడగాలె. రేపు కోరుట్ల పోదాం."

"కోరుట్లల ఏమున్నది?"

"పట్టాలున్నయి," అంది గిరిజ.

రాజమౌళి కూతురు పుష్ప కోరుట్లలో ట్రాక్ మెయింటైనర్. పరీక్ష రాసి తెచ్చుకున్న ఉద్యోగం. మూడు తరాలుగా ఆ ఇంట్లో ఎవరో ఒకరు పట్టాల మీద నడుస్తూనే ఉన్నారు. స్టేషను దాటాక, నారింజ రంగు జాకెట్టు వేసుకుని, భుజం మీద పొడుగు పానా పెట్టుకుని ఎదురొచ్చింది. గిరిజ తానెవరో, ఎవరి తరఫున వచ్చిందో చెప్పింది. బడిగంట మార్చారని చెప్పింది.

పుష్ప పానా కిందికి దించింది. "బాపు మంచిగున్నడా? బువ్వ తింటుండా?"

"తింటలేడు. నాలుగు దినాలాయె."

పుష్ప తల తిప్పుకుని పట్టాల చివరికి చూసింది. గిరిజ మాట మార్చింది. "గీ పని మాకు తెల్వదు చెల్లే. పట్టా పగిలితే ఏం చేస్తరు?"

"ముందుగాల ఎర్రజెండ పెడ్తం. పగిలిన ముక్క కోసి తీస్తం. గంతే కొలత ముక్క ఇంకోటి ఎక్కిస్తం. బోల్టులు బిగించి గ్రీజు పెడ్తం, తుప్పు పట్టొద్దని. గప్పుడు జెండ తీస్తం."

"ముక్క తీసి, రేపు పెడుదాంలే అని పోతే?"

పుష్ప నవ్వింది, చిన్నపిల్ల అడిగిన ప్రశ్నకు నవ్వినట్టు. "గట్ల పోరమ్మా. ఖాళీ జాగ ఇడిచిపెట్టి పోవుడు మా రక్తంలనే లేదు."

"రేపు బడి పండుగ. పొద్దుగాలనే రావాలె. మీ బాపు కోసం," అంది గిరిజ. "మీ ఇంట్ల ఏదన్న బరువు సామాను ఉంటె గూడ తీసుకరా."

పుష్ప పానా మళ్లీ భుజానికెత్తుకుంది. దూరంగా రైలు కూత వినిపించింది. ముగ్గురూ పట్టాల పక్కకు దిగారు. హన్మంతు అందరికంటే ముందు దిగాడు, చిరుతపులి గుర్తొచ్చి ఉంటుంది.

మరునాడు ఉదయం తొమ్మిదికే బడి ఆవరణ నిండింది. పండుగ పదకొండుకు. షామియానా వేశారు, మైకు 'హలో హలో' అంటోంది. గిరిజ మైకువాణ్ణి టీ తాగి రమ్మని పంపి, కావలసినవాళ్లను మాత్రం గంట కింద కూర్చోబెట్టింది. రాజమౌళి, శ్రీనివాస్ రావు, సృజన, రాజవ్వ. పుష్ప ఒక పక్కన నిలబడింది. ఆమె కాళ్ల దగ్గర పానా, గోనెసంచిలో ఏదో బరువు ఉన్నాయి.

"గంట మారింది నిజం," అని మొదలుపెట్టింది గిరిజ. "మార్చినోళ్లు దొంగలు గాదు. దొంగకు ఖాళీ దూలం అడ్డం రాదు. గీ మనిషికి అడ్డమొచ్చింది. టేపుతోని కొలిచి గంతే ముక్క తెచ్చిండ్రు, ఎక్కించిండ్రు, బోల్టుకు గ్రీజు గూడ పెట్టిండ్రు. బడిగంటకు గ్రీజు పెట్టాలన్న సోయి ఎవరికుంటది? దినాం పట్టాల బోల్టులకు పెట్టేటోళ్లకు, చెయ్యి దానంతట అదే పోతది."

శ్రీనివాస్ రావు రాజమౌళి వైపు వేలు చూపాడు. "అంటే గీయనే! రైలోడు గీయనే గదా!"

"గంత బరువు ఎత్తి బిగించే బలం గీ చేతులల్ల ఉన్నదా? టీ గ్లాసే పట్టుకోలేకపోయిండు. పైంగ గంట మారిందని లొల్లి పెట్టిందే గీయన." గిరిజ తిరిగింది. "నిన్న ఒకామెకు గంట మారిందని చెప్పిన. ఎవరు మార్చిండ్రని అడగలే, ఎందుకని అడగలే. బాపు బువ్వ తింటుండా అని అడిగింది."

పుష్ప సంచిని ముందుకు నెట్టింది. ఆమె కళ్లు నిండాయి.

"నేనే మార్చిన బాపు."

రాజమౌళికి అర్థం కాలేదు. కూతురిని, సంచిని, గంటను మార్చి మార్చి చూశాడు. "నువ్వా? ఎందుకు బిడ్డా?"

"నువ్వు పందెం కట్టినవు గదా. అక్షరాల ఫోటో తీసి పండుగ నాడు అందరికి చూపెడుదామని, మార్చిన ఐతారానికి ముందటి ఐతారం బడికి వచ్చి గీకి చూసిన. ఇగో." సంచి విప్పింది. పాత రైలు ముక్క. ఎడమ పక్కన రాజవ్వ దెబ్బల గుంత నున్నగా మెరుస్తోంది. నడుం మీద రంగు గీకిన చోట ఉబ్బెత్తు అంకెలు కనిపిస్తున్నాయి.

సృజన వంగి చదివింది. "పందొమ్మిది వందల అరవై ఒకటి."

నిజాం రైలు పోయిన పదకొండేళ్లకు తయారైన పట్టా అది. యాభైలో దాన్ని నెత్తిన పెట్టుకుని మానేరు దాటడం ఎవరి తరమూ కాదు.

"మూడు చుక్కలు గూడ లేవు బాపు," అంది పుష్ప. "గిది మైకుల చదివితే తాతది అబద్ధం అంటరు. నిన్ను చూసి నవ్వుతరు. అక్షరాలే లేని ముక్క పెడితే అరిగిపోయినయి అనుకుంటరు, రాయి మీద పేరు రాకపోయినా అబద్ధమన్న మాట రాదనుకున్న. కమిటోళ్లే పండుగకు ఏపిచ్చిండ్రనుకుంటరని రంగు గూడ ఏసిన. నీకు చప్పుడే ఎరుకయితదని అనుకోలే."

రాజమౌళి ఆ అంకెల మీద చెయ్యి పెట్టాడు. ఒకసారి తడిమాడు. మళ్లీ తడిమాడు, వేళ్లకు వేరే సంవత్సరం తగులుతుందేమోనని. తరువాత మెల్లగా లేచి చెప్పుల కోసం చూశాడు. "గడి పేరే చెక్కుకోండ్రి దొరా. నేను ఓడిన."

"ఆగు పెద్దమనిషీ. సగమే అయింది," అంది గిరిజ. "రాజవ్వా, మీ ఇంటాయనకు ఎన్నేండ్లు?"

"అరువై నాలుగు నడుస్తున్నయి అమ్మా."

హన్మంతు వేళ్ల మీద లెక్క వేశాడు. తప్పింది. మళ్లీ వేశాడు. ఈసారి నోరు తెరిచాడు. "అరవై ఒకటి! దయ్యం వచ్చిన ఏడు!"

"దయ్యం కొంటపోయి, దయ్యమే తెచ్చింది. కొంటపోయిన దయ్యం వేరు, తెచ్చిన దయ్యం వేరు. గిప్పుడు చూసినం గదా, తీసిన జాగ ఖాళీగ ఇడవని బుద్ధి ఎవరిదో? మనుమరాలికి గా బుద్ధి ఎవరి నుంచి వచ్చిందో? ఆ ఏడు ఊళ్లె పట్టా ముక్క తేగలిగిన మనిషి ఒక్క లింగయ్యే. కొత్త పట్టాలేసినప్పుడు మిగిలిన కొస ముక్క తెచ్చి, చప్పుడు చెయ్యకుండ ఏలాడదీసిండు."

"మరి మొదటిది ఏమాయె?" అన్నాడు రాజమౌళి. చెప్పులు వదిలేసి వెనక్కి వచ్చాడు. "చిన్నప్పుడు నేనిన్నది?"

"లోతుగ మోగేదన్నవు గదా. ఊరంతటికి ఇనబడేదా?"

"గడి అవతలికి ఇనబడేది."

"రెండింటికి గూడ?"

శ్రీనివాస్ రావు మొహంలో రంగు మారింది. గిరిజ ఆయన్ను చూడలేదు. "హన్మంతూ, మొన్న నీ మోకాలికి ఏం తాకింది?"

హన్మంతు మోకాలు పట్టుకున్నాడు. మొదట నొప్పి గుర్తొచ్చింది, తరువాత మోత గుర్తొచ్చింది. "మేడం!" అని కేక వేసి కుంటుతూనే పరుగెత్తాడు. వెనక అందరూ లేచారు. షామియానా కింద కూర్చున్న ఊరి జనం కూడా, ఎందుకో తెలియకపోయినా, లేచి వెంటపడ్డారు.

గడి గేటు వెనక, గొలుసు నుంచి పుష్ప ఆ ఇనుప దిమ్మెను విప్పింది. అరవై ఏళ్ల తారును పానాతో గీకింది. తారు పెచ్చులు పెచ్చులుగా రాలింది. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే బయటికి వచ్చాయి. సృజన గట్టిగా చదివింది.

"ఎన్, జి, ఎస్, ఆర్. పందొమ్మిది వందల ఇరవై ఆరు."

"నిజాం రైలే. దొర పగటి నిద్రకు అడ్డమని గేటు బరువయింది," అంది గిరిజ. "తిప్పు చెల్లే."

ముక్క అడుగున, వేలి వెడల్పు ఎడంతో మూడు ఉలి చుక్కలు. రాజమౌళి నేల మీద కూర్చుండిపోయాడు. చుక్కల మీద వేలు పెట్టి, ఆగిన మూడు ఊళ్ల పేర్లు తండ్రి చెప్పిన వరసలో చెప్పాడు. తరువాత ఏడ్చాడు.

"మా నాయిన నాకెందుకు చెప్పకపాయె బిడ్డా? సచ్చెదాక చెప్పలే."

"చెప్తే నువ్వు గీ గేటు దాక వస్తుంటివి. ఆ రోజులల్ల వచ్చినోళ్లు తిరిగి ఎట్ల పోయేటోళ్లో మీ నాయినకు తెలుసు," అంది గిరిజ.

శ్రీనివాస్ రావు వచ్చి గేటు మీద చెయ్యి వేశాడు. "నాకెరుక లేదు గిరిజమ్మా. పుట్టినప్పటి నుంచి గీ గేటు తోసుకుంటనే తిరిగిన," అన్నాడు. తరువాత భుజం మీది కండువా తీసి చుట్టకుదురుగా చుట్టి తల మీద పెట్టుకున్నాడు. "మా నాయిన తెప్పిచ్చిండు. నేను కొంటపోత. లేపుండ్రి."

అలా మూడు దినాల బాటలో మిగిలిన ఆఖరి రెండు ఫర్లాంగులు లింగయ్య గంట దొర నెత్తి మీద ప్రయాణం చేసింది. దారిలో ఆయన నాలుగుసార్లు ఆగాడు. చిరుతపులి రాలేదు కానీ ఒక కుక్క మాత్రం మొరిగింది.

పదకొండు గంటలకు రాజవ్వ ఎడమ చేత్తో కొట్టింది. ఆ మోత బడి దాటింది, గడి దాటింది. గంభీరావుపేట దాకా వినిపించిందని హన్మంతు ఈరోజుకీ చెబుతాడు. రాజమౌళి కళ్లు మూసుకుని విన్నాడు. మోత పూర్తిగా ఆగాక, "గిది," అన్నాడు. అంతే అన్నాడు. రాయి మీద లింగయ్య పేరు చెక్కారు. అరవై ఒకటి ముక్కను కూడా పక్కనే వేలాడదీయాలని సృజన పట్టుబట్టింది. పెద్దది బడికి, చిన్నది పగటి బువ్వకు.

జనం భోజనాలకు కూర్చున్నాక గిరిజ, హన్మంతు కారు దగ్గరికి నడిచారు. హన్మంతు నోట్‌బుక్ తిరగేస్తూ అయోమయంగా ఉన్నాడు.

"మేడం, కేసు మూసినట్టే గదా? మరి దొంగ అని ఎవరి పేరు రాయాలె? తీసిన దొర పోయిండు. తెచ్చిన లింగయ్య పోయిండు. గీమె కొనుక్కొచ్చి పెట్టింది. గంట ఒక్కటి పోయిందని వస్తే మూడు తేలినయి."

"గది గూడ రాసుకో," అంది గిరిజ.

గడి ముందు నుంచి కారు పోతోంది. బరువు లేని గేటు బార్లా తెరుచుకుని ఉంది. రెండు మేకలు లోపలికి నడుస్తున్నాయి. గేటు వెనక, కొంగు నడుముకు దోపుకుని, పుష్ప ఒంటరిగా నిలబడి ఉంది. సిరిసిల్లలో కొన్న ముక్కను గొలుసుకు ఎక్కించి, పానాతో బోల్టు బిగిస్తోంది. బిగించి, సంచిలోంచి చిన్న డబ్బా తీసి వేలితో గ్రీజు పూసింది.

మేకల్ని బయటికి తోలి చెయ్యి వదిలింది. గేటు దానంతట అదే మూసుకుంది.